మేడ దిగిన తోట

వేసవి సెలవుల్లో ప్రొద్దుటూరు వెళ్తున్నానని చెబితే మా స్టాఫ్ రూములో ఎవరూ నమ్మలేదు. ఒకరు ఊటీకి టికెట్లు తీసుకున్నారు, ఒకరు అరకు వెళ్తున్నారు. మే నెలలో కడప జిల్లాలో చూడ్డానికి ఏముంటుందని అడిగారు. ఒక మేడ మీద తోట ఉందని చెప్పాను. నేను కాకినాడలో ఒక బళ్లో లెక్కలు చెబుతాను. జవాబు తేలని లెక్కలా వాళ్లు నా మొహం కేసి చూశారు.

ఆ తోట షంషాద్‌ది. మేడల మీద మొక్కలు పెంచుకునేవాళ్ల ఫోను గ్రూపులో మాకు పరిచయం. నా బెండ మొక్కలకు పిండినల్లి పట్టినప్పుడు ఏం చల్లాలో ఆమె చెప్పింది. ఆమె మల్లెకు ఆకు ఎప్పుడు దుయ్యాలో నేను చెప్పాను. తర్వాత విత్తనాల పొట్లాలు కొరియర్లో అటూ ఇటూ తిరిగాయి. కొన్నేళ్లుగా ఆమె గొంతు తెలుసు, ఆమె పూయించిన పూలన్నీ తెలుసు. మనిషిని మాత్రం చూడలేదు. వాళ్లాయన కువైట్‌లో డ్రైవరనీ, ఆమె ఇంటి దగ్గరే పాత పట్టుచీరలు కొని, వాటితో కొత్త బట్టలు కుట్టి అమ్ముతుందనీ మాటల్లో చెప్పింది.

ప్రొద్దుటూరు

తెల్లవారుజామున బస్సు దిగితే రోడ్డు అప్పటికే వేడిగా ఉంది. మా వైపు మే నెలలో ఒళ్లంతా జిడ్డు. ఇక్కడ చెమట పట్టినట్టే తెలియదు, పెదాలు మాత్రం పగులుతాయి. షంషాద్ బస్టాండుకే వచ్చింది. సన్నగా పొడుగ్గా ఉంటుందని ఎందుకో ఊహించుకున్నాను. పొట్టిగా, గుండ్రంగా, గబగబా నడిచే మనిషి. నన్ను చూసి నవ్వి, నా సంచీ లాక్కుని, ముందుగా ఒక దోసల బండి దగ్గరికి తీసుకెళ్లింది.

కారం దోస గురించి విన్నాను గానీ తినలేదు. ఎర్రకారం దోస నిండా పూసి, మీద పప్పుల పొడి చల్లి, వెన్న వేసి ఇచ్చారు. వాళ్లు తీసుకున్న డబ్బుకు మా కాకినాడలో రెండు ఇడ్లీలు కూడా రావు. రెండో ముక్కకే కళ్లలో నీళ్లు తిరిగాయి. బండాయన చూసి, కోస్తా పక్క మనిషి అని గుర్తుపట్టి, అడక్కుండానే ఇంకో గరిటె చట్నీ వేశాడు.

వాళ్లింటి సందులోకి తిరగగానే గోడ వెంట తొట్లు వరసగా కనిపించాయి. మెట్ల కింద కొన్ని, పక్కింటి అరుగు మీద కొన్ని. మొక్కలు బాగానే ఉన్నాయి, కానీ ఎండ తగిలే చోట్లు కావవి. మేడ మీదికి పోదాం అన్నాను. షంషాద్ ఒక్క క్షణం ఆగి, పద అంది.

మేడ ఖాళీగా ఉంది. తొట్లు కూర్చున్న చోటల్లా స్లాబు మీద గుండ్రటి మరకలు. ఒక మూల మట్టి ఊడ్చి కుప్ప పెట్టి ఉంది. ఫోన్లో నేను రోజూ చూసిన పందిరి లేదు, కర్రలు కట్టకట్టి గోడకు ఆనించి ఉన్నాయి.

కింది వాటాలో ఇంటి యజమానీ, వాళ్లమ్మా ఉంటారు. స్లాబు చెమ్మగిల్లి, కారడం మొదలైంది. తొలకరి లోపల మరమ్మతు చేయించాలి, మేడ ఖాళీ చెయ్యమ్మా అని అతను అడిగాడట.

"ఇంటాయన మంచోడేక్కా. వాళ్లమ్మ మంచం మీద చుక్కలు పడతాండాయి. పడుకున్న ముసలామె మీద నీళ్లు పడితే ఎవరూరుకుంటారు?" అంది షంషాద్.

నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు తోట చూసేకి వస్తాంటివి. చెప్పింటే రావేమోనని."

పాత పట్టు గది

పంచిపెట్టినన్ని పంచిపెట్టేసింది. కనకాంబరాలు వీధివాళ్లకూ, కరివేపాకు దర్గా దగ్గరి టీ కొట్టుకూ పోయాయి. ఎవరికిపడితే వాళ్లకు ఇవ్వలేక ఆపుకున్నవి కొన్ని మిగిలాయి. డ్రమ్ములో కాపు కాస్తున్న నిమ్మ, ఇంకో డ్రమ్ములో దానిమ్మ, నాటు గులాబీలు, సంపంగి, ఒక పెద్ద తొట్టి నిండా కలువలు. వీటికోసం జమ్మలమడుగులో ఒకామెను అడిగి పెట్టింది. పేరు నాగలక్ష్మి. మనవరాళ్లకు షంషాద్ దగ్గరే పట్టు లంగాలు కుట్టించుకుంటుంది. నిమ్మా కలువలూ నాకివ్వు, తక్కినవి పులివెందులలో మా అక్క చీనీ తోటలో పెట్టిస్తా అని ఆమె మాటిచ్చింది. చీనీ అంటే మన బత్తాయే. మర్నాడు లగేజీ ఆటో మాట్లాడుకుని ఉంది. నువ్వు ఈడ రెస్టు తీసుకో అంది షంషాద్. నేనూ వస్తానన్నాను.

ఆ రోజంతా ఆమె పని గదిలో కూర్చున్నాను. దండేల మీద పాత పట్టుచీరలు. కొన్నిటికి అంచు చిరిగింది, కొన్నిటికి మడతల దగ్గర పట్టు విరిగింది. బాగున్న భాగం చూసుకుని పిల్లల లంగాలు, జాకెట్లు, ఓణీలు కుడుతుంది. కాలేజీ ఫంక్షన్ల ముందు ఆడపిల్లలు వచ్చి ఎగబడి కొంటారట. కొత్త పట్టులో లేని రంగులు వీటిలో ఉన్నాయి. మాసిన మామిడిపండు రంగు, ఉల్లిపొర రంగు, పేరు పెట్టలేని ఒక నీలం.

మా ఇళ్లలో పాత చీరలు స్టీలు సామాన్లవాడికి వేస్తాం. చిరిగిన పట్టుచీర జరీ కొనేవాడికి పోతుంది. పరాయి మనిషి కట్టి విడిచిన బట్ట ఒంటి మీద వేసుకోవడం అనే మాటే మా అమ్మ సహించేది కాదు. ఆ గదిలో చాలాసేపు నేను చేతులు ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను. షంషాద్ అది గమనించి ఉంటుంది.

మధ్యాహ్నం ఒకామె వచ్చింది. కొంగు తల మీదుగా కప్పుకుని, సంచీలోంచి ఒక చీర తీసి బల్ల మీద పెట్టింది. షంషాద్ టీ తెప్పించింది. ఇద్దరూ ఎండల గురించి, మామిడికాయల ధర గురించి మాట్లాడుకున్నారు. చీర మాట రెండు ముక్కల్లో తేలిపోయింది. ఆమె వెళ్లాక ఎవరు ఈవిడ అని అడిగాను.

"తెలీదక్కా. అమ్మేవాళ్లను పేరు అడగను. ఊరూ అడగను. అడిగినానంటే రెండోసారి రారు," అంది.

గొర్రెల మంద

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. ఆటో నడిపే మస్తాన్ నడివయసు మనిషి. షంషాద్‌కు దూరపు బంధువు, మాటకు ముందు ఒక పాట పెడతాడు. ముందు సీటులో ముగ్గురికి ఇరుకు కాబట్టి నేను వెనక మొక్కలతో కూర్చుంటానన్నాను. వద్దని ఇద్దరూ ఎంత చెప్పినా వినలేదు. దానిమ్మ కొమ్మల నీడలో, కలువల తొట్టి పక్కన, గోనె పట్టా మీద కూర్చుని కడప జిల్లా చూస్తున్నందుకు నాకు గర్వంగా కూడా ఉంది.

ఊరు దాటి కొంత దూరం పోయాక రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద వచ్చింది. మస్తాన్ గట్టిగా బ్రేకు వేశాడు. కలువల తొట్టి నా మీదికి ఒరిగింది. పాచి పట్టిన నీళ్లు మెడ నుంచి పాదాల దాకా కారాయి. కాపరి వచ్చి చూసి నవ్వకుండా ఉండాలని చాలా ప్రయత్నించాడు. తర్వాత తనే తొట్టి నిలబెట్టి, రోడ్డు మీద పడిన కలువ దుంపలు ఏరి ఇచ్చాడు.

నా సంచీ ప్రొద్దుటూరులోనే ఉంది. చీర వాసన నాకే భరించలేనట్టుగా ఉంది. పక్కనే పొలంలో బోరు మోటారు గది కనిపిస్తే అక్కడ ఉన్నామెను అడిగి లోపలికి వెళ్లాం. జమ్మలమడుగులో లంగాలకు ఎంచుకోమని చూపించడానికి తెచ్చి, ముందు సీటులో పెట్టుకున్న చీరల మూటను షంషాద్ విప్పింది. ఒక్కొక్కటీ తీసి చూసి, చివరికి వంకాయ రంగు చీర ఒకటి చేతికిచ్చింది. చిరుగు లేదు, ఇంకా కత్తెర పడలేదు. కొంగు మీద ఆకుపచ్చ దారంతో కుట్టిన చిన్న చిలక ఉంది.

నేను వెంటనే అందుకోలేదు.

"ఉతికించిందేక్కా," అంది షంషాద్ నెమ్మదిగా.

అప్పుడు సిగ్గేసింది. కట్టుకున్నాను. పాత పట్టు ఇంత మెత్తగా ఉంటుందని నాకు తెలియదు. కొత్త పట్టుచీర కడితే మనం దాని చెప్పుచేతల్లో ఉంటాం. ఇది ఎక్కడ మడవమంటే అక్కడ మడత పడింది.

జమ్మలమడుగు

నాగలక్ష్మి ఇంటి పెరటి చుట్టూ కంచె లేదు, గోడా లేదు. నాపరాళ్లు నిలువునా పాతి ఉన్నాయి. ఈ చుట్టుపక్కల ఇంటి కప్పు, గట్టు, మెట్టు, బట్టలుతికే బండ అన్నీ ఆ రాయే. రాళ్ల వెంబడి మునగ, అరటి, మల్లె పొదలు. వంటింటి నీళ్లు కాలవగా పోయే చోట చేమ ఆకులు. గండికోట చూపించుకొస్తానని మస్తాన్ అప్పటికి మూడుసార్లు అన్నాడు. నీళ్లు పోసిన మొక్కలు బండిలో ఉంటే కోటలు చూడలేమని షంషాద్ ఒప్పుకోలేదు.

నాగలక్ష్మి యాభై దాటిన మనిషి. నిమ్మ డ్రమ్మును తనే ఒక పక్క పట్టి దింపించింది. కలువలకు ఒక రాతి తొట్టి కడిగి సిద్ధంగా ఉంచింది. అన్నీ సర్దాక కాళ్లు కడుక్కుని భోజనాలకు కూర్చున్నాం. రాగి సంగటి, గోంగూర పప్పు, శెనిక్కాయల ఊరుబిండి పచ్చడి. సంగటిని నమలకూడదట, ముద్దను పప్పులో అద్ది మింగాలి. నేను నములుతుంటే ఆమె చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పి, నెయ్యి వేయడానికి వంగింది. వంగినప్పుడే చూసింది.

గరిటె పక్కన పెట్టి నా కొంగు చేతిలోకి తీసుకుంది. చిలకను బొటనవేలితో తడిమి, తిప్పి, కింద కుట్టు చూసింది.

"ఈ చిలక నేను కుట్టిందే," అంది.

అది వాళ్ల అక్క పెళ్లిచీరట. పెళ్లినాడే హారతి కర్పూరం ఎగిరిపడి కొంగు కాలింది. అందరూ అపశకునం అని గోల చేస్తుంటే, అప్పుడే బళ్లో కుట్లు నేర్చుకుంటున్న ఈమె ఆ చిల్లు మీద చిలకను కుట్టి మూసేసింది.

"చీర యాడిది షంషాదూ?"

"కొన్నదే అత్తా."

"ఎవరిచ్చినారు?"

"అది చెప్పను అత్తా. ఎవురడిగినా చెప్పను."

నాగలక్ష్మి కోప్పడలేదు. కొంగును జాగ్రత్తగా నా భుజం మీద వేసి, నెయ్యి వడ్డించి, తినమంది. కానీ ఆ పూట ఆమె తినలేదు.

మధ్యాహ్నం ఎండకు మొక్కలు వాడతాయని పులివెందుల ప్రయాణం మర్నాటికి పెట్టుకున్నాం. సాయంత్రం పెరట్లో నా చీర ఉతికి ఆరేస్తూ నాగలక్ష్మి కొంత నాకు చెప్పింది. అక్క పేరు ఓబులమ్మ. బావ పోయినప్పట్నించీ చీనీ తోట ఆమె ఒక్కతే చూసుకుంటోంది. కొడుకుది అనంతపురంలో ఉద్యోగం. ఈ ఏడు పులివెందుల వైపు బోర్లు చాలా ఎండిపోయాయని విన్నది. ఫోన్ చేసి అడగొచ్చు కదా అన్నాను.

"ఫోన్లో మా యక్క అంతా బాగుండాది అంటాది. బావకు ఆపరేషన్ చేసిన్నాడు కూడా అట్లనే అనింది. రేపు నేనూ మీతో వస్తాండా. నువ్వు ఈ చీరతోనే రామ్మా. ఆమె చూడనీ."

ఆ మాట షంషాద్ విన్నది. నన్ను కలువల తొట్టి దగ్గరికి పిలిచింది. అంతసేపూ తొణకని మనిషి, చేతులు తుడుచుకున్నవే తుడుచుకుంటూ ఉంది.

"అక్కా, ఇచ్చింది వాళ్లక్కే అయింటే, ఒకరికీ చెప్పకుండా అంత దూరం వచ్చి ఇచ్చిపోయింది. ఆమె ముందరికే ఈ చీర తీసకపోతే నేను పట్టించినట్లే గదా. రేపట్నించి నా గడప ఎవురు తొక్కుతారు?"

ఆమెకు ఇల్లు గడిచేది చాలావరకు ఆ గదితోనే. ఇటు చూస్తే నాగలక్ష్మిదీ అక్కరలేని ఆరా కాదు. తోబుట్టువుకు ఏం కష్టం వచ్చిందోనని భయం. నేను ఇద్దరికీ కొత్తదాన్ని, చీర మాత్రం నా ఒంటి మీద ఉంది.

పొద్దున స్నానం చేసి వచ్చేసరికి మంచం పక్కన రెండు చీరలూ మడతపెట్టి ఉన్నాయి. నేను స్నానానికి వెళ్తూ విప్పి పెట్టిన వంకాయ రంగుది, దండెం మీంచి తెచ్చిన నాది. ఎవరు పెట్టారో చూడలేదు. వంటింట్లో నాగలక్ష్మి, వాకిట్లో షంషాద్, ఇద్దరూ నా వైపు చూడకుండా పనులు చేసుకుంటున్నారు. నా చీరకు పాచి వాసన ఇంకా పూర్తిగా వదల్లేదు. అదే కట్టుకున్నాను. రెండోది షంషాద్ చేతికిచ్చాను. ఆమె దాన్ని మూట అడుగున పెట్టి ముడేసింది. నాగలక్ష్మి చూసి, సరేలే అన్నట్టు తల ఆడించి, అక్క కోసం చేసిన అలసంద వడల డబ్బా చంకన పెట్టుకుని వచ్చి ఆటో ఎక్కింది. ఈసారి వెనక ఆమే కూర్చుంది. ఎవరి మాటా వినలేదు.

ముద్దనూరు మీదుగా

ముద్దనూరులో టీ తాగాం. గాజు గ్లాసులో సగానికే పోస్తారు, కానీ పాలు చిక్కన. మా గోదావరి జిల్లాల వాళ్లం మర్యాదకు మాట సాగదీస్తాం. ఇక్కడ ‘ఏం కావాల’ అని సూటిగా అడుగుతారు, మొదట్లో కసురుకున్నట్టు ఉంటుంది. టీ కొట్టామె అలాగే అడిగింది. నేను గ్లాసు వేడికి పట్టుకోలేక అవస్థ పడుతుంటే తన కొంగుతో పట్టుకుని రెండో గ్లాసులోకి తిరగబోసి చల్లార్చి ఇచ్చింది.

ఆ తర్వాత దారి పొడుగునా చీనీ తోటలు. కొన్ని పచ్చగా ఉన్నాయి. కొన్ని చోట్ల చెట్లు ఆకు రాల్చి, కట్టెలుగా వరసలో నిలబడి ఉన్నాయి. అలాంటి తోట వచ్చినప్పుడల్లా వెనక నుంచి నాగలక్ష్మి నిలబడి చూస్తున్నట్టు అద్దంలో కనిపించేది. మస్తాన్ ఆ దారిలో పాటలు పెట్టలేదు.

పులివెందుల

ఓబులమ్మ తోట ఊరికి కొంచెం అవతల ఉంది. ఆమె గేటు దగ్గరే నిలబడి ఉంది. గట్టి మనిషి, తల మీద తడి తువ్వాలు, చేతిలో కొడవలి. చెల్లెలిని చూసింది, నన్ను చూసింది, షంషాద్‌ను చూసి ఆగింది.

"నువ్వా పాపా. ప్రొద్దుటూరు పట్టుచీరల పాపవు గదా. నా చీర అమ్ముడుపాయనా?"

మేం ముగ్గురం నిలబడిపోయాం. నాగలక్ష్మి వడల డబ్బాను నీళ్ల గాబు గట్టు మీద పెట్టింది.

"నిన్న ఈయమ్మ ఒంటి మీద చూస్తినక్కా. రాత్రంతా నిద్ర పట్టలే నాకు. ఏం కష్టమొచ్చె?"

"బోరెండిపాయ. ట్యాంకర్లు తోలిస్తి. చెట్లు ఎండతాంటే చీర పెట్టెలో పెట్టుకొని ఏం జేస్తాం?"

"నాకొక మాట చెప్పుంటే ఏమి?"

"చెప్పుంటే నీ చీర అమ్ముతాంటివి."

నాగలక్ష్మి గాబు గట్టు మీద కూర్చుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఓబులమ్మ కొడవలి కింద పెట్టి, పక్కన కూర్చుంది. ఎటో చూస్తూ మొదలుపెట్టింది.

"ఇచ్చే ముందర ఆ చిలకను ఊడదీసి పెట్టుకుందామనుకుంటి. సూది కూడా తీసుకుంటి. తీస్తే కింద బొక్క కనపడతాది. బొక్కున్న చీర ఎవురు కొంటారు? పోనీలే అని దాన్నీ ఇచ్చేస్తి."

నాగలక్ష్మి కన్నీళ్ల మధ్యనే నవ్వింది. షంషాద్ వెళ్లి మూట విప్పి, అడుగున ఉన్న చీర తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. తీసుకో పెద్దత్తా, నాకేమీ వద్దు అంది. ఓబులమ్మ దాన్ని ముట్టలేదు. నేను అమ్మితి, నువ్వు కొంటివి, నాకెందుకు అంది. నాగలక్ష్మి కొనబోతే ఆమెనూ వారించింది. నువ్వూ పెట్టెలోనే పెడతావు, దీన్ని కట్టుకునే మనిషికి ఇయ్యాల అంటూ నా వైపు చూసింది. షంషాద్ నా దగ్గర డబ్బు తీసుకోనంది. తీసుకునేదాకా నేనూ ఊరుకోలేదు. జూన్‌లో బడి తెరిచిన రోజు ఆ చీరే కట్టుకెళ్లాను. ఎక్కడ కొన్నావని స్టాఫ్ రూములో అందరూ అడిగారు. చెప్పడానికి ఒక పీరియడ్ చాల్లేదు.

ఆ రోజు తోట చూపించమంటే ఓబులమ్మ ముందు నడిచింది. సగం తోట బతికి ఉంది. చెట్ల మొదళ్లలో శెనిక్కాయ పొట్టు మందంగా పరిచింది, తడి ఆరకుండా. ఆకులు మధ్యాహ్నానికి ముడుచుకుపోతున్నా కాయ నిలిచింది. అవతలి సగం ఎండిపోయింది. అన్నిటికీ నీళ్లు చాలవని తెలిశాక, ఒక పక్క తనే వదిలేసిందట. ఏ పక్క ఉంచుకోవాలో ఎలా నిర్ణయించారని అడిగాను.

"కాపొచ్చేవి ఉంచుకుంటి. ఆ పక్కవి ఆయన నాటినవి, ముసలివి. ఆయనున్నా అదే చేస్తాండె," అంది. ఆ చివరి మాట కొంచెం నెమ్మదిగా అంది.

ఇంటి పక్కన, స్నానాల నీళ్లు పోయే చోట షంషాద్ మొక్కలకు ఓబులమ్మ జాగా చూపించింది. మస్తాన్ చొక్కా విప్పి గడ్డపార అందుకున్నాడు. నేల గట్టిగా ఉంది, గుంత తవ్వేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. దానిమ్మ డ్రమ్మును నిలువునా కోసి విప్పితే, లోపల వేర్లు చుట్టలు చుట్టుకుని, డ్రమ్ము ఆకారానికే అచ్చు పోసినట్టు ఉన్నాయి. ఓబులమ్మ కొడవలితో ఆ చుట్టల్ని మూడు చోట్ల కోసింది. ప్రతి కోతకూ షంషాద్ కళ్లు మూసుకుంది.

"కోయకుంటే నేలలో పెట్టినా తిరుక్కుంటానే ఉంటాది పాపా," అంది ఓబులమ్మ.

గుంతలో దించి మట్టి పూడ్చాక షంషాద్ మోకాళ్ల మీద కూర్చుని చెంబుతో నీళ్లు పోసింది. ఇన్నేళ్లుగా మొక్కలు పెంచుతున్నా నేలలో ఒక్కటీ నాటలేదట. ఎప్పుడూ అద్దె ఇళ్లే, ఎప్పుడూ మేడలే. ఎంత పోస్తే అంత తాగుతాందక్కా అని నాతో చెబుతూ చెంబు మీద చెంబు పోస్తూనే ఉంది. చాలు పాపా, అవి ట్యాంకరు నీళ్లు అని ఓబులమ్మ చెంబు లాక్కునేదాకా ఆపలేదు. అప్పుడు అందరం నవ్వాం. షంషాద్ నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. నేను వచ్చాక ఆమె ఏడవడం అదే మొదటిసారి.

ఓబులమ్మ ఆమెను లేపి, మట్టి చేతులతోనే గేటు దగ్గరికి తీసుకెళ్లి, తాళంచెవి గోడ సందులో ఎక్కడ పెడతారో చూపించింది. తాను లేకపోయినా వచ్చి చూసుకుని పొమ్మంది.

తిరుగు దారి

నాగలక్ష్మి మాతో రాలేదు. అక్క దగ్గర కొన్నాళ్లు ఉండి, చీనీకాయలు దిగేదాకా తోడుంటానంది. నాకెవరి తోడూ అక్కర్లేదని ఓబులమ్మ అంటూనే రెండో మంచం వాకిట్లోకి వేయించింది.

ఇది రాస్తున్నప్పటికి ఆ వైపు రెండు మంచి వానలు పడ్డాయి. బోరులో నీళ్లు ఊరుతున్నాయట. అవతలి సగంలో ఎండిన చెట్లు పెరికించి, అక్కడ ఏం పెట్టాలా అని అక్కాచెల్లెళ్లు ఫోన్లో రోజూ పోట్లాడుకుంటున్నారని షంషాద్ చెప్పింది. ఓబులమ్మ చెప్పగా విని పులివెందుల నుంచి మరో ఇద్దరు చీరలు తెచ్చారట. షంషాద్ టీ ఇచ్చింది, పేర్లు అడగలేదు.

పులివెందుల నుంచి తిరిగొస్తున్న ఆ సాయంత్రం ఖాళీ బండిలో ముందు సీటులో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. కాళ్ల దగ్గర చీనీకాయల సంచీ. ఊరు దాటగానే షంషాద్ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. గోళ్లలో మట్టి అలాగే ఉంది. మస్తాన్ ఒకసారి పక్కకు చూసి, బండి వేగం తగ్గించాడు. కాసేపటికి అతనికి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. చెవికి ఆనించి, గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు.

"వస్తాండాం. లేటయితాది. మీరు తినేసి పడుకోండి."

ప్రొద్దుటూరు ఇంకా చాలా దూరం ఉంది.